చివరి సంతకం ఎవరిది? - నిజాం రాజ్యంలో రాజ్యాంగ ప్రయత్నాలు



మన రాజ్యాంగానికి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా సంఘం వేస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాను. అంబేద్కర్ గారి గురించి, ప్రవేశిక గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. డి.ఆర్. బకాయిల గురించి రాయగలవారైతే అందరమూనూ. కాని ఒక్క సంగతి మాత్రం ఎవరో ఒకరు రాసిపెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది. మన తెలంగాణ ప్రాంతం ఈ రాజ్యాంగంలోకి వచ్చిన దారి వేరు. ఆ దారిలో ఇంకొక రకం రాజ్యాంగం పుట్టబోయి ఆగిపోయింది. దాని ముచ్చట మనకు బడిలో చెప్పలేదు, మనం మన పిల్లలకు చెప్పలేదు.

రాజ్యాధికారం దైవానిదని ఒప్పుకుంటూనే, ప్రజలు ఎన్నుకున్న సభతో పాలన సాగించవచ్చునా? ఇస్లామును పునాదిలో పెట్టి ఆ పైన ప్రజాస్వామ్యాన్ని కట్టవచ్చునా? ఈ ప్రశ్న వినగానే మనకు పాకిస్తానో, ఇరానో గుర్తుకొస్తుంది. టీవీలో వార్త చూసి, మనకెందుకులే అనుకుంటాం. కాని ఈ ప్రశ్న హైదరాబాదులో చాలా ముందే లేచింది. దీనికి ప్రపంచానికంతటికీ తెలిసిన జవాబులు రాసినవాళ్ళలో ఇద్దరు నిజాం రాజ్యంలో పుట్టినవాళ్ళే. అప్పుడు ఖమ్మం ఆ రాజ్యంలో వరంగల్ జిల్లాకు ఒక తాలూకా. మా నేలకొండపల్లి ఆ పక్కన ఒక పల్లె.

నేను ఉద్యోగంలో చేరింది 1973లో. తాలూకా ఆఫీసు రికార్డు రూములో పాత సేత్వార్లు, ఫైసలాలు అన్నీ ఉర్దూలో ఉండేవి. అవి చదవగలిగిన మనిషి ఆఫీసంతటికీ ఒక్కరే. మేమంతా ఆయన్ని మున్షీ సాబ్ అనేవాళ్ళం. నిజాం జమానాలో పిల్లగుమాస్తాగా చేరి ఇందిరమ్మ కాలంలో రిటైరయిన పెద్దమనిషి. నాకు అలీఫ్, బే నేర్పింది ఆయనే. ఒకరోజు ఒక పొడుగాటి ఫర్మానా నకలు చేతికిస్తే నేను మొదటి లైను దగ్గరే తంటాలు పడుతున్నాను. ఆయన చూసి, "బేటా, ఫర్మానా పైనుంచి చదవకు. కింద దస్తఖత్ ఎవరిదో ముందు చూడు. హుకుం ఎవరిదో తెలిస్తే తక్కిందంతా అదే తెలుస్తది" అన్నాడు.

ముప్పై అయిదేళ్ళ సర్వీసులో నాకు ఇంతకుమించిన రాజనీతి పాఠం దొరకలేదు. నోట్ ఫైలు కిందినుంచి పైకి పోతుంది. గుమాస్తా రాస్తాడు, సూపరింటెండెంటు దిద్దుతాడు, తహసీల్దారు సిఫారసు చేస్తాడు. ఎక్కడో ఒకచోట చివరి సంతకం పడుతుంది. అది పడేదాకా కింద ఎంతమంది ఎంత గొప్పగా రాసినా అది అభిప్రాయమే. ఏ దేశపు రాజ్యాంగం చేతికొచ్చినా నేను ఆ చివరి సంతకం కోసమే వెతుకుతాను.

మా ఊరి సంగతితోనే మొదలుపెడతాను. భక్త రామదాసు అని లోకం పిలిచే కంచెర్ల గోపన్నగారు నేలకొండపల్లివారు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రిగా ఉన్న మాదన్న ఆయనకు మేనమామ. ఆ పలుకుబడితో గోపన్నగారు పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యారు. ఖజానాకు జమ కావలసిన పైకం భద్రాచలం గుడికి ఖర్చుపెట్టి గోల్కొండలో ఖైదు అనుభవించారు. మన పరిభాషలో చెప్పాలంటే శాంక్షన్ లేని ఖర్చు, ఆడిట్ అభ్యంతరం, ఆ తరవాత రికవరీ. నేను రెవెన్యూలో పనిచేసినవాణ్ణి కనక ఈ కథలో భక్తితోపాటు ఆ జమాఖర్చులూ నాకు కనపడతాయి.

ముస్లిం ప్రభువు, హిందూ మంత్రి, హిందూ తహసీల్దారు. మతసామరస్యానికి ఇంతకంటే ఏం కావాలంటారు కొందరు. నిజమే, శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా నాటిదనే చెబుతారు. నిజాముల కాలంలోనూ, తరవాత మన ప్రభుత్వాల కాలంలోనూ అది సాగుతూ వచ్చింది. అయితే రామదాసును జైల్లో వేసిన చెయ్యీ, వదిలిపెట్టిన చెయ్యీ ఒకటే. ఆయనకు అప్పీలు చేసుకునే చోటు రాముడి దగ్గర తప్ప మరెక్కడా లేదు. ప్రభువు మంచివాడయితే ముత్యాలు, కోపమొస్తే సంకెళ్ళు. రాజ్యాంగం లేని రాజ్యం అలాగే ఉంటుంది.

అసఫ్‌జాహీల కాలానికి వద్దాం. 1893లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 'ఖానూంచా-ఎ-ముబారక్' అనే శాసనంతో మంత్రి మండలినీ, శాసనాలు చేసే కౌన్సిలునూ ఏర్పరచాడు. 1919లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ 'బాబ్-ఎ-హుకూమత్' పేరుతో కార్యనిర్వాహక మండలి పెట్టి, సర్ అలీ ఇమామ్‌ను దానికి అధ్యక్షుణ్ణి చేశాడు. పేర్లు మారాయి, కుర్చీలు పెరిగాయి. కింద దస్తఖత్ మాత్రం నిజాందే.

1937లో బయట పెద్ద మార్పు వచ్చింది. బ్రిటిషు ఇండియాలో 1935 చట్టం కింద ఎన్నికలు జరిగి మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. మా ఊరినుంచి దక్షిణంగా పోతే జగ్గయ్యపేట. అది కృష్ణా జిల్లా, మద్రాసు రాష్ట్రం. మధ్యలో మునగాల పరగణా, అదీ కృష్ణా జిల్లాదే. ఆ పక్క పన్ను కట్టే రైతుకు ఓటు ఉంది, ఈ పక్క ఎంత పన్ను కట్టినా లేదు. (భద్రాచలం కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. 1959లో గాని మన జిల్లాకు రాలేదు.) మా తాతయ్యకు జగ్గయ్యపేటలో చుట్టాలుండేవారు. వాళ్ళు ఓటేసి వచ్చి చెబుతుంటే ఈయన తిరునాళ్ళ కబుర్లు విన్నట్లు విన్నాడట.

ఇక్కడ సభ పెట్టుకోవాలంటేనే ముందు అనుమతి కావాలి. 'గస్తీ నిశాన్ 53' అనే సర్క్యులరు ఒకటుండేది. గస్తీ అంటే మన భాషలో సర్క్యులరే. ఆంధ్రమహాసభవారు ప్రతి సభలోనూ దాన్ని రద్దు చేయమని తీర్మానం చేసేవారు. ఆ మహాసభ మన ఖమ్మంలోనే రెండుసార్లు జరిగింది, 1934లో ఒకసారి, 1945లో ఇంకోసారి.

బయటి గాలి లోపలికి రాకుండా ఉండదు కదా. 1937 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగారు అధ్యక్షతన రాజ్యాంగ సంస్కరణల కమిటీని వేసింది. కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది. 1939 జులైలో సంస్కరణలు ప్రకటించారు. ఈ పత్రాన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు సరుకంతా ఇందులోనే ఉంది.

శాసనసభలో 85 మంది సభ్యులుంటారు. వారిలో ఎన్నికయ్యేవారు 42 మంది. అంటే మెజారిటీకి ఒకటి తక్కువ! ఇంత జాగ్రత్తగా లెక్క వేసిన గుమాస్తా ఎవరో గాని ఆయనకు నమస్కారం పెట్టాలి. నియోజకవర్గాలు ఊళ్ళవారీగా కాక వృత్తులవారీగా ఏర్పరచారు. జాగీర్దార్లు, వకీళ్ళు, వ్యాపారులు, కౌలుదార్లు ఇలా ఎవరి వర్గం వారిది. హిందువులూ ముస్లిములూ కలిసే ఓటు వేయాలి, ఇది నిజానికి మంచి మాట. బ్రిటిషు ఇండియాలో అప్పటికే వేరువేరు ఓటర్ల జాబితాలు పెట్టి జనాన్ని విడదీశారు. ఇక్కడ ఆ పని చేయలేదు. కాని స్థానాలు మాత్రం హిందువులకూ ముస్లిములకూ సమానం. రాజ్యంలో జనం సుమారు కోటీ అరవై మూడు లక్షలు, అందులో ముస్లిములు నూటికి పదమూడు మందికి మించరు. సమానత్వం అన్న మాటకు ఎన్ని అర్థాలుంటాయో ఈ పద్దు చూస్తే తెలుస్తుంది.

మంత్రులు సభకు జవాబుదారులు కారు. నిజాం అధికారాల మీద సభలో చర్చ లేదు. బాధ్యతాయుత ప్రభుత్వం ఎందుకు ఇవ్వలేదో ఆ ప్రకటన కారణం కూడా చెప్పింది. ప్రభువే ప్రజలకు అసలైన ప్రతినిధి, ఎన్నికయినవాడి బంధం నాలుగేళ్ళ ముచ్చట, ప్రభువు బంధం శాశ్వతం అన్నది ఆ వాదం సారాంశం. చదవడానికి ఎంత నిండుగా ఉందో చూడండి. రామదాసు జైలుగదిలో కూర్చుని ఈ వాక్యం చదివి ఉంటే ఏమనుకునేవారో.

ఈ సంస్కరణల మీద ఆంధ్రమహాసభలో పెద్ద వాదాలు జరిగాయి. దొరికినంత తీసుకుందామన్నవారు కొందరు, ఇది మనకొద్దన్నవారు కొందరు. ఇంతలో యుద్ధం వచ్చి పథకం మూలకు పడింది. చివరికి 1946లో ఎన్నికలు పెడితే స్టేట్ కాంగ్రెసు బహిష్కరించింది.

ఇప్పటిదాకా చెప్పింది నిజాం వాదం. ఇందులో ఇస్లాం ఎక్కడుందని మీరు అడగవచ్చు. నిజంగానే చాలా తక్కువ. అది ప్రభువు మాట, మతం మాట కాదు. మతం మాట ఇంకొక పక్కనుంచి వచ్చింది. 1927లో మొదలైన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు తరవాత నవాబ్ బహదూర్ యార్ జంగ్ నాయకుడయ్యాడు. మహావక్త. ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళు, భాష సగం అర్థంకాకపోయినా, కదలలేకపోయేవారట. హైదరాబాదులో సార్వభౌమాధికారం ముస్లిం సమాజానిదనీ, నిజామూ ఆయన సింహాసనమూ ఆ అధికారానికి చిహ్నాలనీ మజ్లిస్ సిద్ధాంతం. దాన్ని 'అనల్ మలిక్' అనేవారు. నేనే రాజును అని అర్థం. దానితో ప్రతి ముస్లిమూ, వాడు టాంగా తోలేవాడయినా, కచ్చేరిలో నీళ్ళుపోసే జవానయినా, రాజులో వాటాదారు అయిపోయాడు.

మున్షీ సాబ్ ఈ సంగతి ఎత్తితే నవ్వేవాడు. ఆయన తండ్రి పోలీసు ఠాణాలో జవాను. "మా అబ్బాజాన్ బాద్షా అయిన రోజు కూడా అమీన్ సాబ్ గుర్రానికి దాణా పెట్టిండు" అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ సిద్ధాంతాన్ని ముస్లిం పండితులందరూ ఒప్పుకోలేదు. నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో 1903లో పుట్టిన అబుల్ ఆలా మౌదూదీ 1930లలో హైదరాబాదు నుంచే 'తర్జుమానుల్ ఖురాన్' పత్రిక నడిపాడు. తరవాత 1941లో లాహోరులో జమాతె ఇస్లామీ స్థాపించాడు. ఆయన దృష్టిలో సార్వభౌముడు దైవం ఒక్కడే. రాజుకూ లేదు, జాతికీ లేదు, జనానికీ లేదు. మనుషులు దైవానికి ప్రతినిధులుగా, దైవశాసనం గీసిన గీత లోపల, పరస్పరం సంప్రదించుకుని పాలించుకోవాలి. దీన్నే ఆయన 'థియో-డెమోక్రసీ' అన్నాడు. వంశపారంపర్య రాజరికం ఇస్లాముకు తగదని కూడా రాశాడు. అంటే ఆయన కొలతతో కొలిస్తే నిజాం ప్రభుత్వం ఇస్లామిక్ ప్రభుత్వమే కాదు! మరి దైవశాసనానికి అర్థం చెప్పేదెవరు? గీత ఇక్కడని గీసేదెవరు? ఫైలు తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

రెండో మనిషి డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ డాక్టరేట్లు తెచ్చుకుని తిరిగివచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పాడు. ఆయన పేరు ప్రపంచంలో నిలిచింది ఒక పాత పత్రం వల్ల. క్రీ.శ. 622లో ప్రవక్త మహమ్మద్ మక్కా వదిలి మదీనా చేరాక అక్కడి తెగలతో ఒక ఒడంబడిక చేసుకున్నారు. మక్కానుంచి వచ్చినవారు, మదీనా విశ్వాసులు, వారితో కలిసిన యూదు తెగలు అందరూ ఒక సమూహం. యూదుల మతం యూదులది, ముస్లిముల మతం ముస్లిములది. ఊరిమీదికి ఎవరైనా వస్తే అందరూ కలిసి కాపాడుకోవాలి. తగాదా వస్తే తీర్పు దైవానిదీ, ప్రవక్తదీ. హమీదుల్లా ఈ పత్రాన్ని 52 అంశాలుగా విడదీసి, ప్రపంచంలో మొదటి లిఖిత రాజ్యాంగం ఇదేనని 1941లో ఇంగ్లీషులో ప్రకటించాడు.

అది రాజ్యాంగమా, తెగల మధ్య ఒప్పందమా అని పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. కొన్నేళ్ళకే తగవులు వచ్చి ఆ ఒప్పందం చెదిరిపోయింది కూడా. కాని నన్ను ఆశ్చర్యపరచింది వేరు. ఇదే మదీనా పత్రాన్ని పట్టుకుని దేవబంద్ పెద్ద మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ 1938లో ఒక పుస్తకం రాశాడు. మదీనాలో ముస్లిములూ యూదులూ ఒక్క సమూహం కాగలిగితే హిందూస్తానంలో హిందువులూ ముస్లిములూ ఒక్క జాతి ఎందుకు కాలేరు అని ఆయన వాదం. దేశ విభజనను ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. ఒకే పత్రం, ఇద్దరు పండితులు, రెండు దారులు. ఒకే జి.ఓ.ను రెండు డిపార్టుమెంట్లు రెండు విధాలుగా అమలుచేయడం మనం చూడలేదా?

1944 జూన్ 25న బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా చనిపోయాడు. 1946లో మజ్లిస్ పగ్గాలు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. తరవాతి కథ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పుకున్నదే కనక క్లుప్తంగా చెబుతాను. 1947 జూన్‌లో నిజాం తాను స్వతంత్రుడినవుతానని ప్రకటించాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఊళ్ళ మీద రజాకార్ల దాడులు పెరిగాయి. 1948 జూన్‌లో ఢిల్లీతో జరిగిన చర్చల ముసాయిదాలో బాధ్యతాయుత ప్రభుత్వం, రాజ్యాంగసభ అనే మాటలు ఉన్నాయి. నిజాం సంతకం పెట్టలేదు. ఆ ఎండాకాలంలోనే మా తాతయ్య పిల్లల్ని, రెండు గేదెల్ని తోలుకుని జగ్గయ్యపేట చేరాడు. ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ కబురు వాళ్ళకు అక్కడే అందింది.

ఈ రోజుల్లోనే కొందరు ముస్లిములు చేసిన పని మన పిల్లలకు తప్పక చెప్పాలి. తహసీల్దారు ఫరీద్ మీర్జా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇంకో ఆరుగురు ముస్లిం ప్రముఖులతో కలిసి, రజాకార్లను అదుపుచేయాలనీ, రాజ్యం భారతదేశంలో చేరాలనీ 1948 ఆగస్టులో 'పయాం' పత్రికలో ప్రకటన ఇచ్చాడు. తహసీల్దారు ఉద్యోగం వదులుకోవడమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మానుకోట వైపు పుట్టినవాడు, అంటే మన పక్కవాడే. ఆ ప్రకటనను తన పత్రికలోనూ వేశాడు. ఆగస్టు 21 రాత్రి ఆఫీసునుంచి ఇంటికి వస్తుంటే చెయ్యి నరికి, కాల్చి చంపారు. ఆయనకప్పటికి ముప్పై ఏళ్ళయినా నిండలేదు.

సరిగ్గా ఆ తేదీనే, ఆగస్టు 21న, హైదరాబాదు ప్రభుత్వం భారతదేశం మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఆ వాదన వినిపించడానికి పారిస్ వెళ్ళిన బృందంలో డాక్టర్ హమీదుల్లా ఉన్నారు. అందరి మతాలకూ చోటున్న పత్రాన్ని జీవితమంతా చదివిన మనిషి, ఇంట్లో షోయబుల్లాను బతకనివ్వని ప్రభుత్వం తరఫున వెళ్ళాడు. నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. పండితుడు, తన దేశమనుకున్నదానికి నిలబడ్డాడు. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలై 17కల్లా నిజాం లొంగిపోయాడు. హమీదుల్లా మళ్ళీ హైదరాబాదు రాలేదు. పారిస్‌లోనే ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా దశాబ్దాలు గడిపి, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తర్జుమా చేసి, 2002లో అమెరికాలో కన్నుమూశాడు.

అనల్ మలిక్ అనిపించుకున్నవాళ్ళ సంగతి? పోలీసు చర్య తరవాత ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిముల మీద దాడులు జరిగాయి. పండిత్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా బయటికి రాలేదు. చిన్న ఉద్యోగాల్లో ఉన్న ముస్లిములు చాలామంది వీధిన పడ్డారు. మున్షీ సాబ్ తండ్రి వాళ్ళలో ఒకడు. రాజులో వాటా ఇస్తామన్నప్పుడు ఎవరూ ఆయన్ని అడగలేదు, బాకీ వసూలుకు మాత్రం ఆయన ఇంటికే వచ్చారు. మా తాతయ్యా వాళ్ళూ జగ్గయ్యపేటనుంచి తిరిగొచ్చిన నెలలోనే మున్షీ సాబ్ వాళ్ళు ఇల్లు వదిలి బెజవాడ బంధువుల దగ్గర తలదాచుకున్నారు. ఈ సంగతి ఆయన నాతో ఒక్కసారే, అదీ రిటైరయ్యే ముందు చెప్పాడు.

హైదరాబాదులో ఆగిపోయిన ప్రశ్న కరాచీకి వెళ్ళింది. 1949 మార్చి 7న లియాఖత్ అలీఖాన్ పాకిస్తాన్ రాజ్యాంగసభలో లక్ష్యాల తీర్మానం పెట్టాడు. విశ్వమంతటి మీద సార్వభౌమాధికారం అల్లాదే. ఆ అధికారం ప్రజల ద్వారా రాజ్యానికి పవిత్రమైన అమానతుగా వచ్చింది. దాన్ని ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులే వినియోగిస్తారు. ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ, సమానత్వం, సహనం, సాంఘిక న్యాయం ఇస్లాం చెప్పినట్లుగా పాటిస్తారు. అల్పసంఖ్యాకులు తమ మతాలను స్వేచ్ఛగా అవలంబించడానికి ఏర్పాటు ఉంటుంది. న్యాయస్థానాలు స్వతంత్రంగా ఉంటాయి. నిజం చెప్పాలంటే అయ్యంగారి కమిటీ పథకం కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగు. రాజు లేడు, వంశం లేదు, ఎన్నిక ఉంది.

తూర్పు బెంగాల్ సభ్యుడు శ్రీశ్‌చంద్ర చటోపాధ్యాయ లేచి అభ్యంతరం చెప్పాడు. మతాన్ని రాజ్యంతో ముడిపెడితే మా గతేమిటన్నది ఆయన అడిగిన ప్రశ్న సారం. సవరణలకు అనుకూలంగా 10 ఓట్లు, వ్యతిరేకంగా 21 వచ్చాయి. మార్చి 12న తీర్మానం నెగ్గింది. తరవాత రాజ్యాంగం ఎలా రాయాలో సలహా ఇచ్చే పండితుల బోర్డులో కొంతకాలం మన హమీదుల్లా కూడా కూర్చున్నారు.

గుమాస్తాలమైన మనం ప్రత్యేకంగా చూడవలసిన సంగతి ఒకటుంది. 1985లో జనరల్ జియా ఈ తీర్మానాన్ని రాజ్యాంగంలో అమలయ్యే భాగంగా చేర్చాడు. ఫెయిర్ కాపీ తయారయ్యేసరికి అల్పసంఖ్యాకుల వాక్యంలో 'స్వేచ్ఛగా' అన్న ఒక్క మాట కనిపించలేదు. తక్కినదంతా అక్షరం పొల్లుపోలేదు. ఆ ఒక్క మాట మళ్ళీ చోటుకు చేరడానికి 2010లో 18వ సవరణ దాకా పాతికేళ్ళు పట్టింది. ఇరాన్‌వారు 1979లో ఇంత నాన్చకుండా తేల్చేశారు. ఎన్నికలున్నాయి, పార్లమెంటు ఉంది. అయితే ఆ పార్లమెంటు చేసిన ప్రతి చట్టం 12 మంది రక్షక మండలి దాటాలి. అందులో ఆరుగురు మతపండితులను నియమించేది సర్వోన్నత నాయకుడు. అక్కడ చివరి సంతకం ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

మన ఢిల్లీ సభలో కూడా దైవం ప్రస్తావన రాకపోలేదు. 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ గారు ప్రవేశికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ ఇచ్చారు. విశ్వాసం లేనివాడిని బలవంతపెట్టకూడదని కొందరు భక్తులే అడ్డుచెప్పారు. ఓటింగు జరిగింది. అనుకూలం 41, వ్యతిరేకం 68. గుడికి పోయేవారితో నిండిన సభలో దేవుడు 27 ఓట్లతో ఓడిపోయాడని మా ఆఫీసులో ఒకాయన ఎకసెక్కంగా అనేవాడు. నాకు మాత్రం ఆ 68 మందిలో చాలామంది ఆ సాయంత్రం సంధ్య వార్చుకునో, నమాజు చేసుకునో ఉంటారనిపిస్తుంది. దేవుణ్ణి పూజగదిలోనే ఉంచుకుని, కాగితం మీద 'ప్రజలమైన మేము' అని రాసుకున్నారు.

ఆ సభలో హైదరాబాదు సభ్యులు ఒక్కరూ లేరు. మన కుర్చీలు ఖాళీ. 1949 నవంబరు 23న నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు, త్వరలో ఆమోదం పొందబోయే భారత రాజ్యాంగమే హైదరాబాదుకూ రాజ్యాంగమని. ఎవరి దస్తఖత్తుతో ఇన్నాళ్ళూ హుకుం నడిచిందో ఆ దస్తఖత్తుతోనే ఆ హుకుం ముగిసింది. మరో రెండు నెలలకు, 1950 జనవరి 26న, ఆయన ఆ రాజ్యాంగం కిందే రాజప్రముఖ్ అయ్యాడు.

1952లో 175 స్థానాల హైదరాబాదు శాసనసభకు వయోజన ఓటుతో ఎన్నికలు జరిగాయి. అంతకుముందు ఎన్నడూ ఓటు ముఖం చూడని జనం. మా నాయనమ్మ బండి కట్టించుకుని వెళ్ళి వేసి వచ్చింది. ఎవరికి వేశావని తాతయ్య అడిగితే చెప్పలేదట, చచ్చేదాకా చెప్పలేదు. అదే సంవత్సరం హుజూర్‌నగర్‌లో ఉప ఎన్నిక వస్తే, మా ఊరికి కూతవేటు దూరంలోని ఆ తెలుగు రైతులు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను గెలిపించి సభకు పంపారు. స్థానాలు మతంవారీగా పంచిపెట్టిన సంస్కరణల పథకం జరీదాలో అచ్చయి అప్పటికి పదమూడేళ్ళు.

ఆ ఎన్నికల్లో మున్షీ సాబ్‌కు పోలింగ్ డ్యూటీ పడింది. బూత్‌లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాగితం మడిచి ఇష్టమైన పెట్టెలో వేయడమే. ముసలివాళ్ళు పెట్టెకు దండం పెట్టి మరీ వేశారట. ఒకామె కాగితం ఆయనకే తిరిగి ఇవ్వబోతూ, "దీని మీద మీరు దస్కతు చెయ్యలేదు గదయ్యా, చెల్లుద్దా?" అని అడిగిందట. చెల్లుతుందమ్మా, ఎవరి దస్కతూ అక్కర్లేదు, పోయి వెయ్యమని పంపానన్నాడు.

ఆ డ్యూటీ భత్యం ఎప్పుడొచ్చింది సాబ్ అని నేనడిగాను. "వచ్చింది బేటా. హాలీ సిక్కాలో ఇయ్యాల్నా, కల్దార్‌లో ఇయ్యాల్నా అని ఫైలు పైకి పోయి కిందికి వచ్చేసరికి ఆర్నెల్లయింది" అన్నాడు.